బలహీనమైన జీపీఏతో బయోస్టాటిస్టిక్స్ అప్లికేషన్లు: మూడు సీజన్లు వాడి చూశాక

రేటింగ్: 5కి 3.5. ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటి సమీక్షల్లో నేనూ మొదట వెతికేది అదే. బయోస్టాటిస్టిక్స్ అంటే వైద్య, ఆరోగ్య డేటాకి వాడే స్టాటిస్టిక్స్; అమెరికాలో దాని ఎంఎస్, పీహెచ్‌డీలకి అప్లై చేసిన అనుభవానికే ఈ రేటింగ్.

ముందు నా సరుకు చూడండి. మెడిసిన్‌కి వెళ్లాలన్న లెక్కతో బయాలజీ మేజర్ తీసుకున్నాను. మొదటి రెండేళ్ల జీపీఏ (4కి లెక్కేసే గ్రేడ్ల సగటు) 2.4. ఆర్గానిక్ కెమిస్ట్రీలో డి, కాలిక్యులస్ 2లో సి మైనస్. మూడో ఏడాది ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల తీరు చదివే శాస్త్రం) క్లాసులో నాలుగు గళ్ల పట్టిక ముందు కూర్చుని ఆడ్స్ రేషియో (రెండు గుంపుల్లో జబ్బు అవకాశాలని పోల్చే నిష్పత్తి) లెక్క కట్టాక గానీ నాకేం కావాలో నాకే తెలీలేదు. చివరి రెండేళ్లు 3.7 తెచ్చుకున్నా మొత్తం కలిపితే 3.05. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు గీసే 3.0 గీతకి వెంట్రుకవాసి పైన. 2019 డిసెంబర్‌లో మొదటిసారి అప్లై చేస్తే ఎనిమిదికి ఎనిమిదీ రిజెక్ట్. 2021 డిసెంబర్‌లో మళ్లీ వేస్తే ఎంఎస్‌కి నాలుగు అడ్మిట్లు వచ్చాయి. ఎంఎస్ రెండో ఏడాదిలో, 2023 డిసెంబర్‌లో, పీహెచ్‌డీకి వేశాను.

మొదటి సీజన్లో నేను నమ్ముకున్నది ఎస్ఓపీని, అంటే అప్లికేషన్‌తో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ని. రెండు పేజీల్లో ఒక పేజీ నిండా సంజాయిషీయే. ఎందుకు చదవలేకపోయాను, ఎప్పుడు కళ్లు తెరుచుకున్నాయి, ఎంత మారిపోయాను. రాస్తున్నప్పుడు నాకే కళ్లు చెమర్చాయి, కాబట్టి బాగుందనుకున్నాను. కమిటీలో ఉండేది స్టాటిస్టీషియన్లని ఆలోచించలేదు. మారానని నేను చెబితే వాళ్లు అడిగేది డేటా ఏదని. అలాగని అసలు ఏమీ చెప్పకపోవడమూ తప్పే. ఖాళీ వదిలితే ఆ మిస్సింగ్ విలువని వాళ్లే ఇంప్యూట్ చేసుకుంటారు, అంటే అంచనాతో నింపేసుకుంటారు, అదీ మనకి అనుకూలంగా కాదు. రెండో సీజన్‌కి ఆ పేజీని రెండు వాక్యాలకి కుదించాను: మొదటి రెండేళ్లు ఇలా జరిగింది, ఆ తర్వాత తీసుకున్న మ్యాథ్ కోర్సులూ గ్రేడ్లూ ఇవీ. అంతే.

నిజంగా పనిచేసింది ఆ మ్యాథ్ కోర్సులే. బయోస్టాట్ విభాగాలు ఎక్కువగా పబ్లిక్ హెల్త్ స్కూళ్లలో ఉంటాయి. అది చూసి మ్యాథ్ తక్కువనుకునేవాళ్లున్నారు, నేనూ ఒకణ్ణి. ఎంఎస్‌కే మల్టీవేరియబుల్ దాకా కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా అడుగుతారు. పీహెచ్‌డీకైతే రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్‌ని రుజువులతో చదివే కోర్సు) ఉందా అని చూస్తారు. రిజెక్ట్‌లు వచ్చాక ఒక క్లినికల్ రీసెర్చ్ బృందంలో డేటా పనికి చేరి, సాయంత్రాలు నాన్-డిగ్రీ విద్యార్థిగా మూడు సెమిస్టర్లు చదివాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ జోలికి పోలేదు, దాన్ని బాగుచేసి ఎవరికి చూపించాలి? కాలిక్యులస్ 2 మాత్రం మళ్లీ చేశాను. తర్వాత మల్టీవేరియబుల్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, చివరికి రియల్ అనాలిసిస్.

ఆ చివరిది నా గర్వాన్ని అణిచింది. మొదటి హోంవర్క్‌లో కంటిన్యుటీ (ఫంక్షన్ తెగకుండా సాగడం) నిర్వచనం రాస్తూ, ఎప్సిలాన్ అంటే ఫంక్షన్ విలువలో ఒప్పుకునే తేడా, డెల్టా అంటే దానికి సరిపడే ఇన్‌పుట్ తేడా, "ఏ ఎప్సిలాన్ ఇచ్చినా దానికో డెల్టా దొరుకుతుంది" అనాల్సిన చోట "ఒక డెల్టా ఉంది, అది ప్రతి ఎప్సిలాన్‌కీ సరిపోతుంది" అని రాశాను. ప్రొఫెసర్ పక్కన ఎర్ర సిరాతో రాసింది ఒకే ముక్క: ఇలాగైతే నీ ఫంక్షన్ ఆ చుట్టుపక్కల కదలదు, కాన్‌స్టంట్. అరగంట కాగితం మీద గీసుకుంటే గానీ ఆ మాట ఎక్కలేదు. రెండు మాటలు అటూ ఇటూ అయితే మొత్తం ఫంక్షన్ చచ్చి పడుకుంటుందని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేనే క్లాసులో లేను. ఆ కోర్సులో ‘ఏ మైనస్’ గ్రేడ్ వచ్చింది. నా ట్రాన్‌స్క్రిప్ట్ మొత్తంలో బరువైన గ్రేడ్ అదే, మిగతా ‘ఏ’ గ్రేడ్ల కన్నా. ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసిన లెక్చర్లు నేర్చుకోవడానికి బాగా పనికొచ్చాయి గానీ, గ్రేడ్ లేనిది కమిటీ లెక్కలోకి రాలేదు.

ఇక సోఫాస్. పబ్లిక్ హెల్త్ స్కూళ్లకి ఉమ్మడిగా అప్లై చేసే సర్వీసు. అన్ని విభాగాలూ దీన్ని వాడవు, కొన్నింటికి ఆ యూనివర్సిటీ సొంత పోర్టలే, కాబట్టి ఒక్కోదానికి విడిగా చూసుకోవాలి. మనలాంటివాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది: మా కాలేజీ రిపీట్ చేసిన కోర్సుకి కొత్త గ్రేడే లెక్కేసేది, సోఫాస్ రెండింటినీ లెక్కేస్తుంది. అక్కడ కనిపించిన జీపీఏ చూసి ఒక రాత్రి నిద్రపట్టలేదు. తప్పు వాళ్లది కాదు, నిబంధన ముందే రాసి ఉంది. ఇంకో పొరపాటు పూర్తిగా నాదే. ఒక వేసవిలో వేరే కాలేజీలో చేసిన ఒక్క కోర్సు ట్రాన్‌స్క్రిప్ట్ పెట్టడం మర్చిపోయాను. వెరిఫికేషన్ ఆగిపోయి, డెడ్‌లైన్ ముందు వారం ఆ కాలేజీ ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు. చదివిన ప్రతి చోటు నుంచీ కాగితాలు అక్టోబర్‌లోనే తెప్పించుకోండి.

జీఆర్ఈ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. క్వాంట్‌లో (గణిత భాగం) 170కి 168 వచ్చింది, మొదటి సీజన్లో అదే నన్ను గట్టెక్కిస్తుందనుకున్నాను, ఎక్కించలేదు. 2020 తర్వాత చాలా విభాగాలు అసలు అడగడమే మానేశాయి. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి అడిగినచోట పంపాను.

రికమెండేషన్ లెటర్ల దగ్గర మాత్రం మనసులో మాట చెప్పాలి. మొదటిసారి రాసినవాళ్లు ఒక డాక్టర్, రెండొందల మంది క్లాసులో నన్ను గుర్తుపట్టని బయాలజీ ప్రొఫెసర్, ఒక ల్యాబ్ మేనేజర్. ముగ్గురూ మంచివాడనే రాసుంటారు. రెండోసారి అనాలిసిస్ ప్రొఫెసర్, ఎపిడెమియాలజీ ప్రొఫెసర్, నా బృందంలోని స్టాటిస్టీషియన్. ఆ స్టాటిస్టీషియన్ ఏం రాశారో ఆవిడే తర్వాత చెప్పారు: ఒకే రోగి రెండు ఐడీలతో నమోదైన కేసులు నేను ‘ఆర్’ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసి పట్టుకోవడం, దానివల్ల అప్పటికే సిద్ధమైన ఒక టేబుల్ మార్చాల్సి రావడం. ఆ టేబుల్ మార్చిన రోజు ఆవిడ నా మీద విసుక్కున్నారు కూడా.

ఒకటిన్నర స్టార్ ఎందుకు కోశానంటే డబ్బుకీ కాలానికీ. పీహెచ్‌డీలకి సాధారణంగా ట్యూషన్, స్టైపెండ్ ఇస్తారు. ఎంఎస్‌కి ఎక్కువచోట్ల మన జేబే. బలహీనమైన మొదలున్నవాళ్లు ఎంఎస్ మీదుగా రావాల్సి రావడం అంటే, పంతొమ్మిదేళ్లప్పటి డి గ్రేడ్‌కి ఇరవై ఆరేళ్లప్పుడు అప్పు తీసుకుని కట్టడం. ఇందులో న్యాయం ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. నాన్-డిగ్రీ కోర్సుల ఫీజు దీనికి అదనం.

మూడో సీజన్లో ఇంటర్వ్యూలు వచ్చాయి. ఆ డి గురించి అడిగితే ఏం చెప్పాలో అద్దం ముందు సాధన చేసుకుని వెళ్లాను. ఒక్కరూ అడగలేదు. నాకు బాగా నచ్చిన విభాగంలో ఒకాయన నా ఎంఎస్ థీసిస్ తెరిచి, గుండెపోటుకి ముందే వేరే కారణంతో చనిపోయినవాళ్లని సెన్సార్డ్‌గా (అంతటితో ఫాలో-అప్ ఆగిపోయినవాళ్లుగా) ఎందుకు తీసుకున్నావు, ఆ చావుని కాంపిటింగ్ రిస్క్‌గా (గుండెపోటుకి ఇక అవకాశమే లేకుండా చేసే సంఘటనగా) ఎందుకు చూడలేదు అని అడిగారు. నీళ్లు నమిలాను. అక్కడ వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు. ఆఫర్లకి జవాబు చెప్పాల్సిన గడువు ఏప్రిల్ 15 దాకా చూసి, ఇంకోచోట చేరాను. ఆ థీసిస్ విశ్లేషణ మాత్రం మొదటి సెమిస్టర్ సెలవుల్లో మళ్లీ చేశాను.