కొండపల్లికా, ఏటికొప్పాకకా? బొమ్మల తయారీ చూడాలంటే ఏది మేలు?

నగరంలో ఉండేవాళ్లకు కొయ్యబొమ్మలు కనిపించేది ఎగ్జిబిషన్ స్టాళ్లలో, లేపాక్షి షోరూముల్లో. అక్కడ బొమ్మ దొరుకుతుంది గానీ దాన్ని చేసే మనిషి కనబడడు. ఆంధ్రలో అందుకు వెళ్లాల్సిన ఊళ్లు ముఖ్యంగా రెండు. ఒకటి విజయవాడకు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లి. రెండోది వరాహ నది ఒడ్డున, విశాఖ నుంచి దాదాపు 65 కిలోమీటర్లు ఉండే ఏటికొప్పాక. ఒక్కరోజే చేతిలో ఉంటే ఎటు వెళ్లాలి?

దూరం చూస్తే కొండపల్లే తేలిక. అయినా పని చూడడానికే వెళ్తున్నవాళ్లకు, అందులోనూ పిల్లలతో వెళ్లేవాళ్లకు, నేను ముందు ఏటికొప్పాకే చెబుతాను.

కారణం పని తీరులో ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ యంత్రానికి బిగించి తిప్పుతూ ఉలితో చెక్కుతారు. చూస్తుండగానే మొద్దు కాస్తా గుండ్రంగా, నున్నగా మారిపోతుంది. ఆ తర్వాతిదే అసలు చూడాల్సింది. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. కుంచె అక్కర్లేదు, రంగు ఆరే దాకా ఆగక్కర్లేదు. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. చిన్న బొంగరమైతే మొదటి నుంచి చివరి దాకా మన కళ్లముందే తయారవుతుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీసే సహజ రంగులను ఇక్కడ మళ్లీ నిలబెట్టడానికి ఎంతో శ్రమపడిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం ఊరంతటికీ దక్కినట్టే అనిపించింది నాకు.

కొండపల్లిలో పని ఇంత త్వరగా తెమలదు. తెల్ల పొణికి కర్ర బాగా తేలిక, మెత్తన. తేమ పోయేలా సన్నని సెగ చూపించి, తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతికిస్తారు. సుద్ద పూసి, అది ఆరాకే రంగులు. ఇంట్లో ఒకరు చెక్కుతుంటే ఇంకొకరు కళ్లూ కనుబొమలూ దిద్దుతుంటారు. గంటసేపు ఉండి వచ్చేస్తే ఏదో ఒక దశే చూస్తారు. బొమ్మల కాలనీలో నాలుగైదు ఇళ్లు తిరిగితేనే మొత్తం వరుస అర్థమవుతుంది. అంత ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం కొండపల్లి ఇచ్చేది ఎక్కువ. దశావతారాలు, అంబారీ ఏనుగు, కల్లుగీసే మనిషి, ఎడ్లబండి... అక్కడ మనుషులూ కథలూ ఉన్నాయి. లేత్ మీద గుండ్రని ఆకారాలే సులువు కాబట్టి ఏటికొప్పాక బొమ్మల్లో ఆ వైవిధ్యం తక్కువ.

కొనేటప్పుడూ తేడా ఉంది. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టేవాళ్లకు కొండపల్లికి సాటి లేదు, కానీ అవి చూసుకోవడానికే. కిందపడితే అతుకు ఊడుతుంది. చంటిపిల్లలు ఆడుకోవడానికైతే ఏటికొప్పాకవే కొనండి, సహజ రంగులవేనా అని అడిగి మరీ తీసుకోండి. లక్కకు వేడి పడదు, ఎండలో ఆపిన కారులో వదలొద్దు.

ఎక్కడికెళ్లినా పని మధ్యలో ఫొటోలకు పోజులు అడగకండి, ముందు అనుమతి తీసుకోండి. దయచేసి అక్కడ గీచి గీచి బేరమాడకండి. గంటసేపు పని మానుకుని మనకు చూపించిన మనిషి దగ్గర పదీ ఇరవై తగ్గించుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

విజయవాడలో ఉండేవాళ్లయితే ఏటికొప్పాక కోసం అంత దూరం పోనక్కర్లేదు. పొద్దున్నే కొండపల్లి వెళ్లి పూట మొత్తం కాలనీలోనే గడపండి, కోట సంగతి మధ్యాహ్నం చూసుకోవచ్చు.