నలభై అయిదు దాటాక ఉద్యోగం పోయినవారికి చింతల్‌లోని ఒక సలహా కేంద్రం: మూడు నెలల అనుభవంతో సమీక్ష

హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడలోని ఒక మందుల కర్మాగారంలో, క్వాలిటీ కంట్రోల్ విభాగంలో, 2000 అక్టోబరు నుంచి 2024 జూన్ వరకు పనిచేశాను. మా బ్లాకును మూసివేస్తున్నామనీ, మా పోస్టులు ఇక ఉండవనీ చెప్పి, పదిహేడు మందిని ఒకే మధ్యాహ్నం వరుసగా లోపలికి పిలిచి సంతకాలు తీసుకున్నారు. అప్పటికి నాకు 53 ఏళ్లు. ఇంటర్ చదువుతున్న కూతురు, మధుమేహానికి మందులు వాడుతున్న భార్య, ఇంకా నాలుగేళ్లు కట్టవలసిన ఇంటి అప్పు ఉన్నాయి. ఆ తరువాత రెండు నెలలకు, నలభై అయిదు దాటి ఉద్యోగం కోల్పోయినవారి కోసమే నడిచే ఒక చిన్న సలహా కేంద్రంలో చేరాను. పేరు ప్రకటించవద్దని నిర్వాహకురాలు కోరినందువల్ల రాయడం లేదు. అయినా ఇలాంటి సేవకు డబ్బు కట్టే ముందు ఏమి చూసుకోవాలో, ఏమి ఆశించకూడదో చెప్పడానికి పేరుతో పనిలేదు.

కేంద్రం చింతల్‌లో, ఒక మెడికల్ షాపు పైన మూడో అంతస్తులో మూడు గదుల్లో ఉంది. మందుల కంపెనీల్లో దాదాపు ముప్ఫై ఏళ్లు హెచ్ఆర్ అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మేడం దీన్ని నడుపుతున్నారు. మంగళ, శనివారాల్లో ఉదయం పదింటి నుంచి ఒంటిగంట వరకు తరగతి ఉంటుంది. మూడు నెలల రుసుము 14,000 రూపాయలు, రెండు విడతలుగా కట్టవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తామని వీరు ఎక్కడా హామీ ఇవ్వరు. ఆ మాట గోడ మీదా, రసీదు మీదా స్పష్టంగా రాసి ఉంది. నాకు మొదట నమ్మకం కలిగించింది అదే. ఎందుకంటే అంతకుముందు నెలలోనే ఒక సంస్థ విదేశీ కంపెనీలో క్వాలిటీ మేనేజరు ఉద్యోగం ఖాయమని చెప్పి, రిజిస్ట్రేషన్ పేరుతో ఒకసారి, వైద్య పరీక్షల పేరుతో మరొకసారి నా దగ్గర 11,500 రూపాయలు వసూలు చేసి ఫోన్ ఆపేసింది. ఉద్యోగం ఇస్తామంటూ ముందుగా డబ్బు అడిగితే అక్కడే ఆగిపోవాలనీ, మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయాలనీ నాకు ఆలస్యంగా తెలిసింది. కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు పూర్తిగా ఉచితమని కూడా ఈ కేంద్రంలోనే మొదటి రోజు చెప్పారు.

మొదటి రోజు ధైర్యవచనాలు వింటామనుకుని వెళ్లాను. మేడం మాత్రం బల్ల మీద ఒక కాలిక్యులేటరు పెట్టి, "మీ ఫుల్ అండ్ ఫైనల్ కాగితం తెచ్చారా అండీ?" అని అడిగారు. ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే తుది బకాయిల లెక్క అది. నేను తీసిచ్చాను. గ్రాట్యుటీ అని రాసిన వరుస దగ్గర ఆమె పెన్సిల్ ఆగింది. నా చివరి మూల వేతనం 31,200 రూపాయలు. కంపెనీ దాన్ని 30 రోజులతో భాగించి, పదిహేను రోజులకు 15,600 కట్టి, 23 ఏళ్లకు 3,58,800 రూపాయలు ఇచ్చింది. అప్పుడు అమలులో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం నెల వేతనాన్ని 26తో భాగించాలి. ఆ లెక్కన రోజుకు 1,200, పదిహేను రోజులకు 18,000. పైగా చివరి సంవత్సరంలో ఆరు నెలలకు మించి పనిచేస్తే దాన్ని నిండు సంవత్సరంగా లెక్కించాలి. నేను 23 ఏళ్లు నిండిన తరువాత మరో ఎనిమిది నెలలకు పైగా పనిచేశాను కాబట్టి 24 ఏళ్లవుతుంది. అంటే నాకు రావలసింది 4,32,000. ఇచ్చినదానికీ రావలసినదానికీ తేడా 73,200 రూపాయలు. ఇరవై నాలుగేళ్లు మందు బిళ్లల్లో మిల్లీగ్రాముల తేడాలు పట్టుకున్న నేను, నా సొంత కాగితంలో ఇంత తేడాను చూడలేదు. చూడలేకపోయానంటే సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే ఆ కాగితాన్ని రెండు నెలలుగా బీరువాలోంచి బయటకు తీయడానికే మనసొప్పలేదు.

ఆ రోజే లెక్కతో సహా ఒక ఉత్తరం రాయించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు. స్పందన రాకపోతే కార్మిక శాఖలోని కంట్రోలింగ్ అథారిటీకి, అంటే గ్రాట్యుటీ ఫిర్యాదులు తేల్చే అధికారికి, దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పారు. అంతవరకు వెళ్లే అవసరం రాలేదు, అయిదు వారాల్లో మిగిలిన మొత్తం నా ఖాతాలో పడింది. మా బ్యాచ్‌లో మరో ఇద్దరికి ఇదే 30 రోజుల పొరపాటు బయటపడింది. ఈ ఒక్క ఉదయం కోసమైనా ఆ రుసుము కట్టవచ్చని నా నిశ్చితాభిప్రాయం.

అన్నిటికీ మార్గం దొరికిందని మాత్రం చెప్పలేను. ఆ మధ్యాహ్నం నేను సంతకం పెట్టినది రాజీనామా పత్రం. తొలగింపు ఉత్తర్వుకూ, రాజీనామాకూ చట్టంలో ఎంత దూరం ఉందో నాకప్పుడు తెలియదు. అప్పుడు అమలులో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవారిని పని లేదని తొలగిస్తే నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల వేతనం పరిహారంగా ఇవ్వవలసి ఉండేది. రాజీనామా చేసినవారు ఆ పరిహారం అడగడం చాలా కష్టం. పైగా 10,000 రూపాయలు దాటిన జీతంతో సూపర్‌వైజరీ పని చేసేవారికి ఆ నిర్వచనమే వర్తించేది కాదు. హోదా పేరును బట్టి కాక నిజంగా చేసిన పనిని బట్టి దీన్ని తేలుస్తారు కాబట్టి న్యాయవాదిని కలవమని మేడం సలహా ఇచ్చారు, తన పరిధి అక్కడితో ముగిసిందని కూడా దాచకుండా చెప్పారు. ఉద్యోగం పోతుందన్న సూచనలు కనబడుతున్నవారు దయచేసి ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకునే గడువు అడగండి.

పెన్షన్ విషయంలో వచ్చిన సలహా కూడా విలువైనదే. పదేళ్ల సర్వీసు ఉన్నవారు 50 దాటాక ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ ముందుగా తీసుకోవచ్చు. అయితే 58కి తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున తగ్గుతుంది, ఆ తగ్గింపు జీవితాంతం ఉంటుంది. చేతిలో డబ్బు లేని భయంతో నేను ఆ ఫారం నింపి పెట్టుకున్నాను. మేడం ఆపించారు. కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారితే, పాత జబ్బులకు వేచి ఉండవలసిన కాలంలో గడిచిన భాగం కలిసివస్తుందని కూడా చెప్పారు. కానీ నేను చేరేసరికి ఆ అవకాశం చేజారిపోయింది. నా భార్య విషయంలో ఇది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. రెండు నెలలు ఇంట్లో కూర్చోకుండా రెండో వారంలోనే వెళ్లి ఉండవలసింది.

ఇక ఈ సేవలో అసలైన పని రెండో వారంలో మొదలవుతుంది. నా పాత బయోడేటా రెండు పేజీలుండేది. మొదట్లో తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, చివర్లో "సిన్సియర్, హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్" అన్న మాటలు. మేడం దాన్ని పక్కన పెట్టి, ఒక మామూలు పనిదినాన ఉదయం నుంచి సాయంత్రం దాకా నా చేతులు ఏమేమి చేశాయో తెలుగులోనే రాసుకురమ్మన్నారు. నేను నాలుగు వాక్యాలు రాశాను. అందులో ఒకటి "రోజూ బ్యాలెన్స్ క్యాలిబ్రేషన్ చూసేవాణ్ణి" అన్నది, అంటే ల్యాబులోని సూక్ష్మ త్రాసు సరిగ్గా తూస్తోందో లేదో చూడడం. ఆమె ఆ వాక్యం కింద గీత గీసి, "ఎప్పుడైనా తేడా వచ్చిందా? వస్తే ఏం చేశారు?" అని అడిగారు.

వచ్చింది. ఒక వేసవిలో మధ్యాహ్నం షిఫ్టులో మాత్రమే తూకంలో నాలుగో దశాంశం నిలిచేది కాదు, ఉదయం షిఫ్టులో నిలిచేది. యంత్రం చెడిపోయిందని సర్వీసు ఇంజనీరును రెండుసార్లు పిలిచారు, దోషం దొరకలేదు. నేను ఒక దారప్పోగును బ్యాలెన్స్ తలుపు పక్కన వేలాడదీసి చూశాను. మధ్యాహ్నం రెండు కాగానే అది ఊగింది. ఎండ పెరిగే వేళకు ఆన్ చేసే కొత్త ఏసీ గాలి తిన్నగా బల్ల మీదికి వస్తోంది. బల్లను గోడవైపు జరిపి, మూడు రోజులు రీడింగులు తీసి, జరిగిన తేడా మీద డీవియేషన్ రిపోర్టు రాసి, ఇకపై ఏసీ మార్చినప్పుడల్లా బ్యాలెన్స్ గదిని తనిఖీ చేయాలని ఎస్ఓపీలో (పని ఎలా చేయాలో చెప్పే రాతపూర్వక పద్ధతిలో) ఒక వాక్యం చేర్పించాను. ఇది గొప్ప సంగతి అని నేను ఎన్నడూ అనుకోలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. మేడం అడిగిన కొద్దీ ఇలాంటివి ఒక్కొక్కటే బయటకు వచ్చి, నాలుగు వాక్యాలు పదకొండు పేజీలయ్యాయి. ఆ పదకొండు పేజీల నుంచి ఏరిన ఆరు సంఘటనలే నా కొత్త బయోడేటా.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఏళ్ల తరబడి ఒకేచోట పనిచేసినవారికి తమకు ఏమి వచ్చో చెప్పుకునే సందర్భమే రాదు. అందరికీ తెలిసిన మనిషికి పరిచయం ఎందుకు? ఆ గేటు మూసుకున్న రోజున పని చేతిలోనే ఉంటుంది గాని మాట నోటికి రాదు. ఈ ప్రాంతంలో ఇది కొత్త కాదు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవారిలో ఎందరో తరువాత హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) పరిశ్రమను నిలబెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసినవారే. ఆ కర్మాగారం మూలబడినా అక్కడ నేర్చిన పని మూలబడలేదు. మాలాంటి మామూలు ఉద్యోగులు కంపెనీలు పెట్టలేకపోవచ్చు, కానీ నేర్చిన పనిని మరో గేటు దాకా మోసుకెళ్లగలరు.

నమూనా ఇంటర్వ్యూలు రెండో నెలలో జరుగుతాయి. ప్రశ్నలు అడగడానికి ఉద్దేశపూర్వకంగా ముప్ఫై ఏళ్ల లోపువారిని పిలుస్తారు. "మీకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు మీ మేనేజరైతే ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకు మా బ్యాచ్‌లో అందరమూ "నాకేమీ అభ్యంతరం లేదు సార్" అన్నాం. ఆ జవాబు ఎవరూ నమ్మరనీ, నిజంగా జరిగినది ఏదైనా ఉంటే చెప్పమనీ అన్నారు. నేను గుర్తుచేసుకుని, మందులోని పదార్థాలను కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో చూపే నమోదు) ఎలా చదవాలో నాకు నేర్పినది 26 ఏళ్ల జూనియర్ అమ్మాయి అనీ, ఆమె చెప్పింది వింటూ నేను నెలరోజులు భోజన విరామంలో నోట్సు రాసుకున్నాననీ చెప్పాను. ఆ తరువాత హాజరైన రెండు నిజమైన ఇంటర్వ్యూల్లోనూ ఈ ప్రశ్న వచ్చింది, నేను ఆ సంగతే చెప్పాను.

లోపాలు లేకపోలేదు, అవి చిన్నవీ కావు. మోకాళ్ల నొప్పులున్న వయసువారి కోసం నడిపే కేంద్రం లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండడం సరికాదు. ఒక పెద్దాయన ఈ కారణంగానే రెండో వారంలో మానేశారు. చేరినప్పుడు పన్నెండు మందే అన్నారు, రెండో నెలకు ఇరవై ఒక్కరమయ్యాం, దాంతో ఒక్కొక్కరి కాగితాల మీద మేడం పెట్టే సమయం సగమైంది. కంప్యూటరు తరగతిలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఇవ్వడం వల్ల షాపు ఫ్లోరు (యంత్రాల దగ్గరి పని) నుంచి వచ్చినవారు వెనకబడిపోయారు. డిజిటల్ మార్కెటింగ్ పేరుతో పెట్టిన నాలుగు తరగతులు మాలో ఎవరికీ ఉపయోగపడలేదు, ఆ సమయాన్ని ఎక్సెల్‌కు ఇచ్చి ఉంటే బాగుండేది. బ్యాచ్‌లో ముగ్గురే మహిళలున్నారు. వారిలో గార్మెంట్ యూనిట్ నుంచి వచ్చిన ఒక ఆమెకు గ్రాట్యుటీ లెక్క తప్ప మరేదీ పనికొచ్చేలా లేదు, ఎందుకంటే కేంద్రానికి ఉన్న పరిచయాలన్నీ మందుల పరిశ్రమలోనివే. ఈ చివరి విషయం చేరేముందే అందరికీ చెప్పాలని నేను మేడంకు రాతపూర్వకంగా కోరాను.

నాకు పని దొరికిన తీరులో కాలం కూడా కలిసివచ్చింది. మందుల తయారీ ప్రమాణాలకు సంబంధించిన షెడ్యూల్ ఎంను కేంద్రం 2023 డిసెంబరులో సవరించింది. 250 కోట్ల రూపాయల లోపు టర్నోవరున్న చిన్న యూనిట్లకు మొదట ఏడాది గడువిచ్చి, తరువాత 2025 చివరి వరకు పొడిగించింది. రిస్క్ మేనేజ్‌మెంట్, ఏటా ప్రతి ఉత్పత్తికీ నాణ్యత సమీక్ష, స్వీయ తనిఖీ వంటివన్నీ కాగితం మీద సక్రమంగా ఉండాలంటే, ఎస్ఓపీలు రాయగలిగిన అనుభవజ్ఞులు చిన్న యూనిట్లకు అవసరమయ్యారు. పెద్ద కంపెనీలకు వరుసగా దరఖాస్తులు పెట్టి విసిగిన నన్ను, చిన్న యూనిట్ల జాబితా తయారుచేసి నేరుగా వెళ్లమన్నది మేడమే. తొమ్మిదో యూనిట్‌లో, నలభై మంది పనిచేసే ఒక చిన్న కర్మాగారంలో, యజమాని నా బయోడేటాలో దారప్పోగు సంగతి చదివి, లేచి నన్ను తన బ్యాలెన్స్ గదికి తీసుకెళ్లారు. 2024 డిసెంబరులో చేరాను. పాత జీతం 58,000, ఇప్పుడు 41,000. ఆ తేడా ప్రతి నెలా తెలుస్తుంది. పీఎఫ్ మాత్రం అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ సంఖ్య) మీద కొనసాగుతోంది.

మందుల పరిశ్రమలో, అనుబంధ ల్యాబుల్లో పనిచేసినవారికి ఈ కేంద్రాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఇతర రంగాలవారు మొదటి రోజు కాగితాల పరిశీలనకు మాత్రమే వెళ్లడం మంచిది, దానికి విడిగా 1,000 రూపాయలు తీసుకుంటారు. వెళ్లేటప్పుడు నియామక పత్రం, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క, పీఎఫ్ పాస్‌బుక్, కంపెనీ ఆరోగ్య బీమా కార్డు తీసుకెళ్లండి. బీమా గడువులు ఆగవు కాబట్టి ఉద్యోగం పోయిన వారంలోపే వెళ్లండి. మంగళవారం జనం తక్కువగా ఉంటారు.