గిటార్ ఆంప్‌కి కొత్త స్పీకర్: కోఠి చాలునా, ముంబై దాకా పోవాలా?

గిటార్ ఆంప్‌ (యాంప్లిఫయర్)లో పన్నెండంగుళాల స్పీకర్ పోయిందంటే హైదరాబాద్‌లో ఎవరైనా ముందు చెప్పే పేరు ఎలక్ట్రానిక్స్ దుకాణాల కోఠి గుజరాతీ గల్లీ. వెళ్లాల్సిందే. కాకపోతే కొత్తది కొనడానికి కాదు, పాతది బాగుపడుతుందో లేదో తేల్చుకోవడానికి. బండి మీద పోతే పార్కింగ్‌కే పూట గడిచిపోతుంది. మియాపూర్-ఎల్బీనగర్ మెట్రోలో వచ్చేవాళ్లు ఉస్మానియా మెడికల్ కాలేజ్ దగ్గర, జేబీఎస్ వైపు వాళ్లు సుల్తాన్ బజార్ దగ్గర దిగి నడిస్తే సరి. ఆదివారం వద్దు, పొద్దున పదకొండు లోపల వెళ్లినా లాభం లేదు.

బయల్దేరేముందు ఇంట్లోనే స్పీకర్ వైరు ఒకటి విప్పి మల్టీమీటర్ పెట్టండి. ఓమ్‌లంటే స్పీకర్ కరెంటుకి ఇచ్చే నిరోధం: 8 ఓమ్‌ల స్పీకర్ అయితే 6 నుంచి 7 దాకా, 16 ఓమ్‌లదైతే 12, 13 దగ్గర చూపించాలి. అసలేమీ చూపించకపోతే కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) తెగినట్టే అనుకోకండి. టెర్మినల్ నుంచి కోన్‌కి (ముందుండే కాగితపు గరాటుకి) పోయే అల్లిక తీగ తెగినా మీటర్ అలాగే చూపిస్తుంది. అది చిన్న పని, కోఠిలో చేయి తిరిగినవాళ్లు కూర్చోబెట్టి చేసిస్తారు. రీడింగ్ బాగానే ఉన్నా మోతలో గరగర వస్తుంటే, నాలుగు వేళ్లు సమంగా ఆనించి కోన్‌ని మెల్లగా లోపలికి నొక్కి చూడండి. గీసుకున్న చప్పుడు వినిపిస్తే కాయిల్ కాలి ఉబ్బింది, లేదా పక్కకు ఒరిగింది. ఇక దానికి కాలం చెల్లింది.

ఇలాంటప్పుడే దుకాణదారు "రీకోన్ చేస్తాం, సాయంత్రానికి తీసుకెళ్లండి" అంటాడు, అంటే కోన్, కాయిల్ కొత్తవి వేయడం. డీజే బాక్సులకు ఆ పని వాళ్లు బాగానే చేస్తారు. గిటార్ స్పీకర్‌కి మాత్రం చేయించొద్దు. గిటార్ స్పీకర్ కోన్ పల్చని కాగితం, అంచు కూడా అదే కాగితపు మడతలు. మార్కెట్‌లో దొరికే కోన్‌లు ఎక్కువగా మందంగా, గుడ్డ అంచుతో, బాస్ కోసం చేసినవి. అది అతికించాక స్పీకర్ మోగుతుంది, కానీ గొంతు మారిపోతుంది: మోత తగ్గి, మధ్య స్వరాలు మొద్దుబారతాయి. ఆ కంపెనీదే అసలు రీకోన్ కిట్ చేతిలో ఉంటే తప్ప ఆ ఖర్చు దండగ. "ఇదీ పన్నెండంగుళాలే, 300 వాట్లు" అంటూ చూపించే పీఏ (సభలు, స్టేజీల మైకు సౌండ్) స్పీకర్ సంగతీ అంతే. గిటార్ స్పీకర్ మోత 5 కిలోహెర్ట్జ్ దాటిన కీచు స్వరాల్లో తనంతట తానే తగ్గిపోతుంది, డిస్టార్షన్ (గిటార్ గరుకు మోత) చెవులు కోయకుండా ఉండేది అందువల్లే. వాట్లు చూసి మురిసిపోవద్దు.

కోఠిలో నిశ్చింతగా కొనదగ్గవి వైరు, జాక్‌లు, టెర్మినల్ క్లిప్పులు. క్లిప్పులు 4.75, 6.3 మిల్లీమీటర్లు రెండు సైజులూ తెచ్చుకోండి, పాత క్లిప్పు కొత్త స్పీకర్‌కి పట్టకపోవడం మామూలే. పని అయ్యాక గోకుల్ చాట్ ఎలాగూ దారిలోనే.

ముంబై ప్రయాణం ఎప్పుడు దండగ కాదంటే, చెవితో విని ఎంచుకోవాలనుకున్నప్పుడు, లేదా నాలుగు స్పీకర్ల క్యాబినెట్ మొత్తం మార్చాల్సి వచ్చినప్పుడు. ఒక్క స్పీకర్‌కి, అదీ మోడల్ తేలిపోయాక, ఇంటికి తెప్పించుకోవడమే చవక. నాంపల్లిలో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దింపుతుంది. చిక్కల్లా దుకాణాలు తెరిచేదాకా ఎక్కడుండాలనేదే. ముంబై సెంట్రల్ స్టేషన్‌లో 2021లో తెరిచిన పాడ్ హోటల్ (మనిషి పడుకునేంత చిన్న గూళ్లుండేది) ఒంటరిగా వెళ్లినవాళ్లకు నయం: గంటల లెక్కన దొరుకుతుంది, ముంబైలో అందరూ చెప్పే బజారు లామింగ్టన్ రోడ్డు దగ్గర. కానీ నాలుగు స్పీకర్ పెట్టెలతో ఆ పాడ్‌లో సర్దుకోవడం కుదరదు. కొన్నాక ఒక రాత్రి ఉండాల్సి వస్తే గ్రాంట్ రోడ్ వైపు మామూలు లాడ్జి గదే మేలు, లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగండి.

లామింగ్టన్ రోడ్డు పేరు గొప్పదే కానీ అది ప్రధానంగా ఎలక్ట్రానిక్స్ బజారు. గిటార్ స్పీకర్ల సంగతి సంగీత వాద్యాల దుకాణాల్లో అడగాలి. సీఎస్‌ఎంటీ నుంచి నడిచిపోయే దూరంలో, ధోబీ తలావ్‌లో 1865 నాటి ఫుర్తాడోస్ ఉంది. ఎక్కడికి వెళ్లినా స్టాకు ఫోన్‌లో ఖాయం చేసుకోకుండా టికెట్ తీయొద్దు. మోడల్ పేరొక్కటే అడిగితే చాలదు, ఓమ్‌లు కూడా చెప్పించుకోండి. "వింటేజ్ 30 (సెలెషన్ కంపెనీ స్పీకర్) ఉంది" అంటారు, తీరా వెళ్తే 16 ఓమ్‌లది. పెట్టె మీద నంబర్ చూస్తే తేలిపోతుంది: టీ3903 అయితే 8 ఓమ్‌లు, టీ3904 అయితే 16.

ఓమ్‌ల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, వాల్వ్ ఆంప్‌లో (గాజు వాల్వ్‌లతో నడిచేదాంట్లో) లెక్క తప్పితే స్పీకర్‌కి కరెంటు అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. అసలు స్పీకరే తగిలించకుండా ఆన్ చేసి వాయిస్తే అది కాలిపోనూ వచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి ఓమ్‌లు ఎక్కువైతే మోత తగ్గుతుందంతే, రాసినదానికన్నా తక్కువైతే అవుట్‌పుట్ భాగం కాలిపోవచ్చు.

ఇక ఎంపిక. సెలెషన్ గ్రీన్‌బ్యాక్ 25 వాట్లు, ఒక వాటుకి 98 డెసిబెల్స్ మోత, బరువు 3.6 కిలోలు. వింటేజ్ 30 అయితే 60 వాట్లు, 100 డెసిబెల్స్, 4.7 కిలోలు. ఆ రెండు డెసిబెల్స్ కాగితం మీద చిన్నవే, గదిలో వింటే కావు: మూడు డెసిబెల్స్ తేడా అంటే ఆంప్ వాట్లు రెట్టింపు చేసినట్టే. అపార్ట్‌మెంట్‌లో వాయించే 15 వాట్ల ఆంప్‌కి గ్రీన్‌బ్యాక్ హాయి. డ్రమ్స్ పక్కన వినపడాలంటే వింటేజ్ 30, కానీ ఇప్పటికే కీచుగా ఉన్న ఆంప్‌లో అది చెవికి గుచ్చుకుంటుంది. 40 వాట్ల ఆంప్‌కి ఒక్క గ్రీన్‌బ్యాక్ పెట్టడం మాత్రం చేజేతులా కాల్చుకోవడమే. వాల్వ్ ఆంప్ పూర్తిగా తిప్పితే రాసిన వాట్ల కన్నా ఎక్కువే ఇస్తుంది, అందుకే గట్టిగా వాయించేదైతే స్పీకర్ రెట్టింపుకి ఉండాలి. మార్షల్ 1960 క్యాబినెట్‌లో నాలుగు జీ12టీ-75 స్పీకర్లు (ఒక్కోటి 75 వాట్లు) కలిపి 300 వాట్లు తట్టుకుంటాయి. వాటి బదులు నాలుగు గ్రీన్‌బ్యాక్‌లంటే వందే, 100 వాట్ల హెడ్‌తో (స్పీకర్ లేని విడి ఆంప్‌తో) అది అంచు మీద నడక.

దుకాణంలో వినేటప్పుడు మీ గిటారే తీసుకెళ్లండి, కాస్త గట్టిగా వాయించనివ్వమని అడగండి. మెల్లగా వింటే అన్నీ ఒకేలా ఉంటాయి. కొత్త స్పీకర్ మొదట్లో బిర్రుగా వినిపిస్తుంది, కొన్ని గంటలు వాయించాక వదులవుతుంది. బిల్లు రాసేముందు కౌంటర్ మీదే మీటర్ పెట్టి చూడండి, కాలిన కాయిల్‌కి సాధారణంగా వారంటీ వర్తించదు.

ఇలాంటి బజార్లు ఇంకో రెండున్నాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డుకి మెజెస్టిక్ నుంచి మెట్రోలో రెండో స్టేషన్ కేఆర్ మార్కెట్‌లో దిగితే చాలు, బస తేలిక. చెన్నై రిచీ స్ట్రీట్‌కి ట్రిప్లికేన్ మాన్షన్లు (లాడ్జీలు) దగ్గర, చవక. రెండూ విడిభాగాలకు కోఠి లాంటివే, గిటార్ స్పీకర్ కోసమే అయితే అంత దూరం అక్కర్లేదు.

తెచ్చాక బిగించేటప్పుడు స్క్రూడ్రైవర్ జాగ్రత్త. మాగ్నెట్ దాన్ని లాగుతుంది, మొన జారి కోన్‌లో దిగుతుంది. రెండో చేత్తో మొనని పట్టుకునే తిప్పండి. ఇనుప రజను ఉన్న బల్ల మీద స్పీకర్ పెట్టొద్దు. కాంబో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) అయితే మాగ్నెట్ వెనక వాల్వ్‌లకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు తగలకుండా చోటుందో కొనేముందే కొలవండి. నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే ఫ్రేమ్ వంగి, కొత్త కాయిల్ కూడా గీసుకోవడం మొదలవుతుంది.