ముక్కులోంచి ట్యూబ్ అంటే బెదిరిపోకండి: మా పెద్దమ్మకి చేయించిన మానోమెట్రీ టెస్ట్ రివ్యూ

రేటింగ్: 4/5

హైదరాబాద్‌లో ఒక పెద్ద గ్యాస్ట్రో హాస్పిటల్లో మా పెద్దమ్మకి మానోమెట్రీ (మింగేటప్పుడు అన్నవాహికలో ఒత్తిడిని ట్యూబ్‌తో కొలిచే టెస్ట్) చేయించాం. పేరు వినగానే చాలామంది వెనక్కి తగ్గుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

పెద్దమ్మకి అన్నం తింటే ఛాతీ మధ్యలో ఆగిపోయేది, మంచినీళ్ళు తాగినా అదే పరిస్థితి. లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి గ్లాసుడు నీళ్ళు తాగితే గానీ ముద్ద దిగేది కాదు, రాత్రి పడుకుంటే తిన్నది తిన్నట్టే నోట్లోకి వచ్చి పొలమారేది, మనిషి చిక్కి సగమైపోయింది. ఎక్కడ చూపించినా గ్యాస్ అన్నారు, పరగడుపు మాత్రలు మార్చి మార్చి ఇచ్చారు. ఎండోస్కోపీలో పుండు లేదు గడ్డ లేదు అని వస్తే అందరం ఊపిరి పీల్చుకున్నాం కానీ ముద్ద మాత్రం దిగట్లేదు కదా! ఎండోస్కోపీ లోపల ఎలా ఉందో చూపిస్తుంది, అన్నవాహిక కండరాలు పనిచేస్తున్నాయో లేదో తేల్చేది మాత్రం ఈ టెస్టే.

ముందు రాత్రి నుంచి ఖాళీ కడుపు. ముక్కులో మత్తు జెల్ రాసి సన్నటి ట్యూబ్ పంపిస్తారు, దాని పొడవునా ఒత్తిడి కొలిచే సెన్సర్లు ఉంటాయి. గొంతు దగ్గర కాసేపు వాంతి వచ్చినట్టు అవుతుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, అంతవరకే కష్టం. టెక్నీషియన్ అమ్మాయి ఎంత ఓపికో, "చిన్న చిన్న గుటకలు వెయ్యండమ్మా, అదే దిగిపోద్ది" అని చెయ్యి పట్టుకునే ఉంది. తర్వాత పడుకోబెట్టి సిరంజితో 5 ఎంఎల్ చొప్పున నీళ్ళు నోట్లో పోసి 10 సార్లు మింగించారు, మధ్యలో ఉమ్మి కూడా మింగకూడదు, పెద్దమ్మకి అదే కష్టమైంది.

ఒత్తిడిని బట్టి స్క్రీన్ మీద రంగులు వస్తాయి. మామూలుగా అయితే మింగిన ప్రతిసారీ రంగు పట్టీ పైనుంచి కిందికి ఏటవాలుగా జారాలి, అడుగున, అన్నవాహిక కడుపులో కలిసేచోట ఉండే వాల్వ్ తెరుచుకోవాలి. పెద్దమ్మకి పట్టీ నిట్టనిలువుగా ఒకేసారి వస్తోంది, అడుగున ఎర్రగీత అలాగే బిగుసుకుని ఉంది. అకలేసియా, టైప్ 2. అన్నవాహిక గోడలో నరాలు దెబ్బతిని వాల్వ్ వదులు కాకపోవడం. ఏటా లక్షమందిలో సుమారు ఒకరికి వస్తుందట, మూడు టైపుల్లో వైద్యానికి బాగా లొంగేది ఇదేనని డాక్టర్ గారు చెప్తే మా ప్రాణం కుదుటపడింది. ఆ వాల్వ్‌ని బెలూన్‌తో సాగదీయొచ్చు, 1913లో జర్మనీ డాక్టర్ హెల్లర్ మొదలుపెట్టిన పద్ధతిలో ఆపరేషన్ చేయొచ్చు, లేదంటే నోట్లోంచి ఎండోస్కోప్‌తోనే లోపలి కండరం కోసే పోయెమ్ ఉంది, జపాన్‌లో ఇనౌయే గారు 2008లో మొదటిసారి మనిషికి చేశారు. పోయెమ్ తర్వాత కొందరికి పులితేన్పులు, గుండెమంట వస్తాయని, మళ్ళీ యాసిడ్ మాత్రలు వాడాల్సి రావచ్చని ముందే దాచకుండా చెప్పారు, అది నాకు బాగా నచ్చింది.

ఒక స్టార్ తగ్గించింది బిల్లింగ్ కౌంటర్ వల్ల. ఖాళీ కడుపుతో వచ్చిన పెద్దవాళ్ళని అంతసేపు నిలబెట్టడం అన్యాయం, షుగర్ ఉన్నోళ్ళ గతేంటి? పొద్దున మొదటి స్లాట్ అడిగి తీసుకోండి. బీపీ, గుండె మాత్రల్లో కొన్ని రిజల్ట్ మీద ప్రభావం చూపిస్తాయి కాబట్టి వాడేవన్నీ రాసి తీసుకెళ్ళండి, మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.