అద్దె ఇంటి బాల్కనీకి సోలార్: బెర్లిన్‌లో రెండు ప్యానెళ్ల కిట్ వాడాక

బెర్లిన్ తూర్పు వైపు మార్‌త్సాన్‌లో పదకొండు అంతస్తుల కాంక్రీటు బ్లాకులో ఉంటాం. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు నగరం ఇచ్చే డబ్ల్యూబీఎస్ సర్టిఫికెట్ మీద దొరికిన అద్దె ఇల్లు. నేను వృద్ధుల కేంద్రంలో సహాయకురాలిని, మా ఆయన ఇంకా చదువుకుంటున్నారు. కరెంటు ఇక్కడ యూనిట్ దాదాపు 35 సెంట్లు, అంటే మన డబ్బుల్లో ముప్పై రూపాయల పైనే. జర్మనీకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు బాల్కనీ సోలార్ కొనొచ్చా అని తరచూ అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

కిట్‌లో 410 వాట్ల ప్యానెళ్లు రెండు, అరచేతికి కాస్త పెద్దదైన ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చేది), గోడ సాకెట్‌లో గుచ్చే ప్లగ్గు ఉన్న కేబుల్ వచ్చాయి. ప్యానెళ్లు బాల్కనీకి బయట వేలాడతాయి. తయారైన కరెంటు సాకెట్ గుండా ఇంట్లోకి వస్తుంది, ఆ క్షణంలో నడుస్తున్న ఫ్రిజ్, రౌటర్ ముందు దాన్నే వాడుకుంటాయి. మిగిలింది గ్రిడ్‌లోకి పోతుంది. దానికి మాకు పైసా రాదు.

2023లో కొన్నాం. కిట్‌కి 770 యూరోలు అయింది. ఆ ఏడాది జనవరి నుంచి సోలార్ పరికరాల మీద అమ్మకపు పన్ను సున్నా చేశారు. దానికి తోడు బెర్లిన్ నగరం 500 యూరోల వరకు సహాయం ఇచ్చేది. మాకు అది పూర్తిగా వచ్చింది. కానీ ముందు మన డబ్బుతో కొని, రశీదు పెట్టాకే తిరిగి చేతికొస్తుంది. మాలాంటి ఇళ్లలో ఒకేసారి 770 బయటికి తీయడమే అసలు కష్టం. సహాయం కోసం పెట్టిన పథకం అందరి దగ్గరా ముందే డబ్బు ఉంటుందనుకోవడం నాకు నచ్చలేదు. మా పై అంతస్తులో ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న ఆవిడ ఈ ఒక్క కారణంతోనే ఆగిపోయింది.

దానికంటే ఎక్కువ విసిగించింది అనుమతి. అప్పట్లో అద్దెకున్నవాళ్లకు దీని మీద హక్కు లేదు. యజమాని సంస్థ స్ట్రక్చరల్ ఇంజినీర్ లెక్కలు అడిగింది, ఎలక్ట్రీషియన్ సంతకం అడిగింది, బీమా కాగితం అడిగింది. వసంతంలో పెట్టిన అర్జీకి ఆకులు రాలేటప్పుడు జవాబు వచ్చింది. ఆ ఏడాది ఎండాకాలమంతా ప్యానెళ్లు మా పడకగదిలో మంచం పక్కన అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఇప్పుడు కొనేవాళ్లకు ఈ బాధ తగ్గింది. 2024 అక్టోబరులో చట్టం మారింది. ఎలా బిగించాలో యజమాని చెప్పొచ్చు గానీ, సరైన కారణం లేకుండా వద్దనడానికి లేదు. అదే ఏడాది మేలో ఇన్వర్టర్ హద్దును 600 వాట్ల నుంచి 800కు పెంచారు. మా దాంట్లో యాప్‌లో సెట్టింగ్ మారిస్తే సరిపోయింది.

బిగించే సామాను మాత్రం బాగాలేదు. కిట్‌తో వచ్చిన కొక్కేలు ఇనుప కడ్డీల రైలింగ్ కోసం చేసినవి. మా పాత బ్లాకుల్లో ఉన్నది మందపాటి కాంక్రీటు పిట్టగోడ. దానికి తగ్గ కొక్కేలు విడిగా కొనాల్సి వచ్చింది. అమ్మేవాళ్ల పేజీలో ఈ సంగతి ఎక్కడా లేదు. ఎనిమిదో అంతస్తు నుంచి ఇరవై కిలోల అద్దపు పలక కింద పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు. బాల్కనీలో సాకెట్ లేదు కాబట్టి తలుపు సందులోంచి పోయే పలుచని కేబుల్ కూడా కొన్నాం.

ఇక ఫలితం. మా బాల్కనీ దక్షిణం వైపు ఉంది, ఎదుట చెట్లు లేవు. ఏడాదికి 600 యూనిట్ల దగ్గర తయారవుతోంది. అందులో మేం వాడుకోగలిగేది సగానికి కొంచెం పైన, అంటే ఏడాదికి 110 యూరోల దాకా మిగులుతోంది. నాకు మధ్యాహ్నం షిఫ్టు ఉన్న రోజుల్లో బయల్దేరే ముందు వాషింగ్ మెషీన్ వేసి వెళ్తాను. పప్పు, సాంబారు కూడా పగలే వండేస్తాను, ఎలక్ట్రిక్ స్టవ్ కాబట్టి. పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చే ఇంట్లో ఇంత మిగలదు. డిసెంబరులో ఎవరికీ దాదాపు ఏమీ రాదు, లెక్కలోంచి తీసేయండి.

ప్రభుత్వ భృతి మీద బతికేవాళ్లకు అద్దె, హీటింగ్ ఖర్చు ప్రభుత్వం విడిగా ఇస్తుంది. ఇంటి కరెంటు మాత్రం నెలవారీ భృతిలోంచే కట్టుకోవాలి. కాబట్టి తగ్గిన ప్రతి యూరో నేరుగా వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఈ కిట్ అందరికంటే ముందు అందాల్సింది వాళ్లకే అని నేను గట్టిగా అనుకుంటాను.

చేతిలో డబ్బు లేనివాళ్లకు ఇంకో దారి మీటర్‌ష్ట్రోమ్, అంటే అద్దెకున్నవాళ్ల కరెంటు. యజమానే పైకప్పు మీద ప్యానెళ్లు పెట్టి, కింద అద్దెకున్నవాళ్లకు ఆ కరెంటు అమ్ముతాడు. ధర ఆ ప్రాంతపు ప్రాథమిక టారిఫ్‌లో (వేరే ఒప్పందం చేసుకోనివాళ్లకు అక్కడి కంపెనీ వేసే మామూలు ధరలో) 90 శాతం దాటకూడదని చట్టం. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు. ముందు ఒక్క సెంటు పెట్టక్కర్లేదు. మీ బ్లాకులో ఇది ఉంటే మొదట దాని ధర కనుక్కోండి, తర్వాతే కిట్ సంగతి చూడండి.

విజయవాడలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్న మా చెల్లి తనకూ ఇలాంటిది పంపమంది. పంపనన్నాను. ప్లగ్గు పెట్టి వాడే ఈ పద్ధతికి మన దగ్గర నెట్ మీటర్ (లోపలికి వచ్చిన, బయటికి పోయిన కరెంటును విడివిడిగా లెక్కించేది) లేకుండా అనుమతి లేదు. మామూలు మీటర్లు చాలావాటిలో బయటికి పోయిన కరెంటు కూడా వాడకం కిందే పడుతుంది. పైగా తొలి 30 యూనిట్లు రూపాయి తొంభై పైసలకే వచ్చే చోట ఈ ఖర్చు తేలడానికి చాలా ఏళ్లు పడుతుంది. పీఎం సూర్యఘర్‌లో 78,000 రూపాయల వరకు వచ్చే సబ్సిడీ సొంత ఇల్లు, పైకప్పు ఉన్నవాళ్లకు. అపార్ట్‌మెంట్ సొసైటీకి కిలోవాట్‌కు 18,000 చొప్పున ఇస్తారు, అదీ మోటారు, లిఫ్టు లాంటి ఉమ్మడి అవసరాలకే. ఓనర్‌తో మాట్లాడి సొసైటీ చేత పెట్టించమన్నాను, నిర్వహణ ఖర్చు తగ్గితే అద్దెకున్నవాళ్ల దగ్గర వసూలు చేసేదీ తగ్గించాలని ముందే తీర్మానం రాయించుకోమని కూడా చెప్పాను.

ఇంకొక్క మాట. కరెంటు పోతే ఈ కిట్ కూడా ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదని అలా చేశారు. కరెంటు పోయినప్పుడు నడిచే ఇంటి బ్యాటరీ ఇన్వర్టర్‌లా వాడుకుందామని కొనకండి. కిట్‌కి ఐదులో నాలుగు ఇస్తాను, దానితో వచ్చిన కొక్కేలకు ఒకటి.