ఆటోనగర్‌లో మా షాపుకి క్వాలిటీ కన్సల్టెంట్: పెట్టిన డబ్బుకి గిట్టుబాటు అయిందా?

గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపులో ప్రొడక్షన్ చూసుకుంటాను. షాఫ్టులు, బుష్‌లు, ఫ్లాంజ్‌ల లాంటి యంత్రాల విడిభాగాలు చేస్తాం. ఆర్డర్లు చుట్టుపక్కల పెద్ద ప్లాంట్ల నుంచో, వాళ్లకి సప్లై చేసేవాళ్ల నుంచో వస్తాయి. రిజెక్షన్లు పెరిగిపోయి, ఒక పాత కస్టమర్ "ఇంకో లాట్ ఇలా వస్తే ఆర్డర్ వేరేవాళ్లకి ఇచ్చేస్తాం" అని మెయిల్ పెట్టాక మా ఓనర్ గారు ఊళ్లోనే ఉన్న ఒక కన్సల్టెన్సీని మాట్లాడారు. ఫైవ్ ఎస్ (షాపుని సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతి), లీన్ (పనిలో వృథా తగ్గించే పద్ధతి), రిజెక్షన్ తగ్గించడం, అన్నీ కలిపి ప్యాకేజీ. పొగడాల్సినవీ ఉన్నాయి, తిట్టుకోవాల్సినవీ ఉన్నాయి కాబట్టి వాళ్ల పేరు రాయను. ఇలాంటి సర్వీసు తీసుకుందామా అని ఊగిసలాడుతున్న చిన్న యూనిట్లవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇద్దరు వచ్చారు. ఒకాయన పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో సర్వీసంతా చేసి రిటైరైన మనిషి. ఇంకొకరు ల్యాప్‌టాప్ పట్టుకున్న కుర్రాడు. మొదట కుర్రాడు క్లాసు పెట్టాడు. ఇంగ్లిష్ స్లైడ్లు, జపాన్ పేర్లు. మా టర్నర్లు, అంటే లేత్ మీద పనిచేసేవాళ్లు, మొహమొహాలు చూసుకున్నారు, వెనక బెంచీలో ఇద్దరు హాయిగా కునుకు తీశారు. పెద్దాయన కాసేపు చూసి, ల్యాప్‌టాప్ పక్కన పెట్టించి తెలుగులో మొదలెట్టారు. జపాన్‌లో 1962లో ఇషికావా అనే క్వాలిటీ నిపుణుడు క్వాలిటీ సర్కిళ్లు మొదలుపెట్టించారని, ఆ పద్ధతి మన దేశంలోకి 1980లో హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ ద్వారా వచ్చిందని చెప్పారు. మెషిన్ దగ్గర పనిచేసేవాళ్లే వారానికోసారి కూర్చుని, తమ పనిలో ఇబ్బంది తామే ఎంచుకుని, దాని సంగతి తేల్చడమే క్వాలిటీ సర్కిల్ అన్నారు. మన రామచంద్రాపురం అనేసరికి కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచారు.

అసలు పని షాఫ్టుల దగ్గర జరిగింది. మా రిజెక్షన్లలో ఎక్కువ భాగం ఒకే రకం: 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న షాఫ్టులు, బేరింగ్ కూర్చునే చోట అండర్‌సైజ్, అంటే ఉండాల్సిన సైజు కంటే తక్కువ. డ్రాయింగులో టాలరెన్స్ (సైజులో ఒప్పుకునే తేడా) హెచ్6, అంటే 100కి మించకూడదు, 22 మైక్రాన్లకి మించి తగ్గకూడదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మా దగ్గర కొలిస్తే సైజు సరిగ్గా ఉంటుంది, కస్టమర్ దగ్గర కొలిస్తే తక్కువ వస్తుంది. మైక్రోమీటర్ (సైజు కొలిచే పరికరం) తేడా అని మేమంటాం, మీ టర్నర్ తేడా అని వాళ్లంటారు. కొత్త మైక్రోమీటర్ కొన్నా ఫలితం లేదు.

పెద్దాయన ఆఫీసు రూములో కూర్చోలేదు. స్టూలు తెప్పించుకుని లేత్ పక్కన వేసుకుని, ఒక పూటంతా ఊరికే చూశారు. మా సీనియర్ టర్నర్‌ని షాపంతా బాబాయ్ అంటాం, ఈయన కూడా ఆ పిలుపే అందుకున్నారు. బాబాయ్ రఫ్ కట్ (ముందు ఎక్కువ లోహం తీసేసే కోత) అవగానే అదే ఊపులో ఫినిష్ కట్ (చివరి సైజుకి తెచ్చే కోత), వెంటనే మైక్రోమీటర్. పెద్దాయన జాబ్ మీద, అంటే లేత్ మీదున్న షాఫ్టు మీద, చెయ్యి ఆనించి, "బాబాయ్, ఇది కాలుతోందే, ఇప్పుడే కొలిచేస్తున్నారా?" అని అడిగారు.

లెక్క అక్కడే కాగితం మీద వేసి చూపించారు. ఉక్కు మీటరు పొడవుకి, ఒక్క డిగ్రీ వేడికి, సుమారు 11 నుంచి 12 మైక్రాన్లు సాగుతుంది. 100 మిల్లీమీటర్ల షాఫ్టు అందులో పదో వంతు, అంటే డిగ్రీకి మైక్రాన్ పైచిలుకు. జాబ్ మైక్రోమీటర్ కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 23 మైక్రాన్లు పెద్దదిగా చూపిస్తుంది. మనకున్న టాలరెన్సే 22. వేడి మీద సరిగ్గా 100 చూపించిన షాఫ్టు చల్లారేసరికి రిజెక్ట్ అయి కూర్చుంటుంది. కొలతలకి ప్రపంచమంతా 20 డిగ్రీలు ప్రామాణికం. ఆ ఏసీ గది మాకు లేకపోయినా ఫర్వాలేదని, జాబూ మైక్రోమీటరూ రెండూ ఉక్కువే కాబట్టి రెండూ ఒకే వేడి మీద ఉంటే చాలావరకు సరిపోతుందని చెప్పారు.

బాబాయ్‌కి ఇది తెలియక కాదు. "వేడి మీద కొలవకూడదని నాకూ తెలుసండీ, చల్లారనిస్తే లేత్ ఖాళీగా ఉంటాది కదా" అన్నారు. మరి రఫ్ అయిన జాబులు దించి పక్కన పెట్టి, అన్నీ చల్లారాక ఫినిష్ చెయ్యొచ్చుగా? దించాలంటే బరువులెత్తే హాయిస్ట్ కావాలి. హాయిస్ట్ ఎందుకు దొరకదు? షాపులో ఒక్కటే ఉంది, మధ్యాహ్నం అంతా లారీ లోడింగులో ఉంటుంది. లోడింగ్ మధ్యాహ్నమే ఎందుకు? లారీ ఆ టైముకే వస్తుంది. ఆ టైముకే ఎందుకు? ఎప్పుడో ఒక ట్రాన్స్‌పోర్టర్‌కి అనుకూలమని పెట్టిన టైము, ఆ ట్రాన్స్‌పోర్టర్ ఎప్పుడో మారిపోయాడు, టైము మాత్రం మారలేదు. టొయోటాలో తాయిచీ ఓనో నేర్పిన "ఐదుసార్లు ఎందుకు" అని కుర్రాడి స్లైడులో చూసినప్పుడు నాకు చిన్నపిల్లల ఆటలా అనిపించింది. అదే పద్ధతి మైక్రోమీటర్ దగ్గర మొదలై లారీ దగ్గర తేలింది.

ఒక్క ఫోన్ కాల్‌తో లోడింగ్ పొద్దున్నకి మార్చాం. ఇప్పుడు షాఫ్టులన్నీ ముందు రఫ్ చేసి, నీడలో ఇనప స్టాండు మీద ఫ్యాన్ కింద పెడుతున్నాం, మైక్రోమీటర్ కూడా ఆ స్టాండు మీదే. మర్నాడు ఫినిష్ కట్, అది కూడా కూలెంట్ (చల్లబరిచే ద్రవం) ధారాళంగా వదిలి, కాసేపు ఆగి కొలత. అండర్‌సైజ్ కంప్లైంట్ దాదాపు పోయింది. మాకు ఖర్చయింది స్టాండుకీ ఫ్యానుకీ.

రాత్రి వదిలేసిన జాబులకి మన సముద్రపు గాలి తగిలి తెల్లారేసరికి ఎర్రగా తుప్పు పొర పడుతుంది. దానికి రస్ట్ ప్రివెంటివ్ ఆయిల్ రాయమన్నారు. అది ఆటోనగర్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు.

ఫైవ్ ఎస్ మాత్రం సగమే నిలబడింది. అక్కర్లేని వాటికి ఎర్ర ట్యాగ్ కట్టమన్నారు. కట్టుకుంటూ పోతే పాత మోటార్లు, విరిగిన చక్‌లు (లేత్‌లో జాబ్‌ని పట్టి ఉంచేవి), ఏ డ్రాయింగుకి చేశామో తెలియని బుష్‌లు, అన్నీ "రేపు పనికొస్తాయి" బాపతు. చాలావరకు స్క్రాప్‌కి వెళ్లాయి, నడవడానికి దారి వచ్చింది. కానీ ఓనర్ గారి నాన్నగారు కొన్న షేపింగ్ మెషిన్ మీద ట్యాగ్ కట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, అది ఇప్పటికీ మధ్యలోనే ఉంది. టూల్స్‌కి గోడ మీద ఆకారాలు గీసిన బోర్డు బాగుంది. చక్ కీ కోసం వెతుకులాట తగ్గింది. సెట్టింగ్ మార్చే పనిని ఫోన్‌లో వీడియో తీసి టర్నర్లకే చూపించడం కూడా మంచి ఆలోచన, ఎంతసేపు మెషిన్ దగ్గర ఉన్నారో, ఎంతసేపు తిరుగుతున్నారో వాళ్లే చూసుకున్నారు.

ఇక చిరాకులు. మొదట్లో వచ్చినంత తరచుగా పెద్దాయన తర్వాత రాలేదు. చివరి నెలల్లో కుర్రాడే వచ్చి ఫొటోలు తీసి, ఫార్మాట్లు నింపమని వెళ్లిపోయేవాడు. ఫార్మాట్లు అంటే మామూలుగా కాదు, ఊడ్చినట్టు సంతకం పెట్టడానికి ఒకటి, ఊడ్చారని చూసినట్టు సంతకం పెట్టడానికి ఇంకొకటి. ల్యామినేట్ చేసిన నినాదాల బోర్డులు మా చేత కొనిపించారు, అవి కూడా ఇంగ్లిష్‌లోనే. సెకండ్ షిఫ్టుకి ఎవరూ ఒక్కసారి కూడా రాలేదు. మా కొత్త కుర్రాళ్లు ఎక్కువ ఉండేది ఆ షిఫ్టులోనే, వేడి మీద కొలిచే అలవాటు ఎక్కువగా ఉండేదీ వాళ్లకే. వాళ్లకి చివరికి బాబాయే నేర్పారు.

డబ్బు సంగతి. మా ఓనర్ గారు తొందరలో సొంతంగా ఫీజు కట్టేశారు. మీరు కట్టేముందు కేంద్రం 2023లో కొత్తరూపంలో తెచ్చిన ఎంఎస్ఎంఈ లీన్ స్కీమ్ చూడండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న యూనిట్లకి ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ స్థాయిల్లో కన్సల్టెన్సీ ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. సర్టిఫికెట్ కావాలంటే జెడ్ (జీరో డిఫెక్ట్ జీరో ఎఫెక్ట్) స్కీమ్ వేరే ఉంది, అందులో సర్టిఫికేషన్ ఖర్చుపై సూక్ష్మ యూనిట్లకి 80, చిన్నవాటికి 60, మధ్యతరహావాటికి 50 శాతం రాయితీ.

నా లెక్కలో ఈ సర్వీసుకి అయిదుకి మూడున్నర. ఆ మూడున్నరలో మూడు పెద్దాయన స్టూలుకే. ఎవర్ని పెట్టుకున్నా ఒప్పందంలో ఈ మూడూ రాయించుకోండి: అనుభవం ఉన్న మనిషి నెలకి ఎన్ని పూటలు షాపు ఫ్లోర్ మీద ఉంటారు, సెకండ్ షిఫ్టుకి ఎవరు వస్తారు, శిక్షణ తెలుగులోనేనా. ఫీజు మొత్తం ముందే ఇవ్వకండి, చివరి వాయిదా మీరు ఎంచుకున్న ఒక్క రిజెక్షన్ తగ్గాకే ఇస్తామనండి. దానికి ఒప్పుకోనివాళ్లని టీ ఇచ్చి పంపించేయడమే.