పెర్రీ వారి ఐరోపా కిరాయి సైనికులు: పైక్ దళం కట్టేవారికి

బల్లపై ఆడే యుద్ధక్రీడల కోసం పదిహేనవ శతాబ్దపు సైన్యాన్ని సమకూర్చుకోదలచినవారికి, ఇంగ్లండ్‌లోని పెర్రీ మినియేచర్స్ సంస్థ తయారుచేసిన 1450–1500 నాటి ఐరోపా కిరాయి కాల్బలం పెట్టె నమ్మకమైన ఆరంభమని నా అభిప్రాయం. 28 మిల్లీమీటర్ల కొలతలో (అంటే మనిషి బొమ్మ ఎత్తు సుమారు అంత) 40 ప్లాస్టిక్ బొమ్మలు, విడి తలలు, చేతులు, వాటితోపాటు పైక్‌లనే పొడవాటి బల్లేలు, క్రాస్‌బోలనే అడ్డ విల్లులు, చేతి తుపాకులు ఇందులో ఉంటాయి. సంస్థను నడిపే కవల సోదరులు అలన్, మైఖేల్ పెర్రీలు పూర్వం గేమ్స్ వర్క్‌షాప్ అనే యుద్ధక్రీడల సంస్థలో బొమ్మల శిల్పులుగా పనిచేసినవారే కాక, మధ్యయుగ యుద్ధాల పునరభినయాల్లో స్వయంగా పాల్గొన్నవారు. దూది కూరి కుట్టిన చొక్కా మడతలు మోచేతి వద్ద పడిన తీరులోను, మేజోళ్లను పైవస్త్రానికి కట్టిన తాడు ముళ్లు కుంచె మొనకు తెలిసేంత స్పష్టంగా ఉండడంలోను ఆ అనుభవం కనిపిస్తుంది.

ఈ బొమ్మలను 1476లో గ్రాన్సన్, మూర్టెన్‌ల వద్ద, 1477 జనవరిలో నాన్సీ వద్ద బర్గండీ ప్రభువు చార్లెస్‌ను ఓడించిన స్విస్ దళాలుగా తీర్చడమే మేలని నేను భావిస్తాను. బర్గండీ సైనికులకైతే సగం నీలం, సగం తెలుపు దుస్తుల మీద ఎర్రని ఏటవాలు శిలువను ప్రతి ఛాతీపైనా తప్పులేకుండా గీయాలి. స్విస్ వారికి ఒకే దుస్తులనే నియమం లేదు కనుక, ఎవరి బట్టలకు వారి రంగులు వేసి, బట్టకు కుట్టుకునే తెల్లని శిలువ ఒక్కటి అందరికీ పెడితే దళమంతా ఒక్కటిగా కనిపిస్తుంది. ఆ శిలువకు ముందు లేత బూడిదరంగు పూసి, మధ్యలో మాత్రమే తెలుపు పెడితే అది అతికించిన కాగితంలా కాక గుడ్డలా ఉంటుంది. కవచధారులు ఎక్కువగా ముందు వరుసల్లోనే ఉండేవారు కనుక, మంచి బొమ్మలనూ ఎక్కువ శ్రమనూ అక్కడే వెచ్చించి, వెనుక వరుసలను మూల రంగులు, ఒక గోధుమరంగు వాష్‌తో (మడతల్లోకి జారి నీడలా నిలిచే పలుచని రంగుతో) ముగించినా ఎవరూ వేలెత్తి చూపరు.

అసలు చిక్కంతా పైక్‌లతోనే. అయిదు మీటర్లకు పైబడిన ఆయుధం ఈ కొలతలో 90 నుంచి 100 మిల్లీమీటర్లవుతుంది. అంత పొడవున, అంత సన్నగా ఉండే ప్లాస్టిక్ ఏ సంస్థదైనా ఆటలో పదిమంది చేతులు తగిలితే వంగుతుంది, విరుగుతుంది. అందుచేత విడిగా అమ్మే ఉక్కు తీగ బల్లేలను వాడడం మంచిది. ప్లాస్టిక్ జిగురు ఉక్కును పట్టదు కనుక, అవసరమైన చోట పిడికిలిని సన్నని చేతి డ్రిల్‌తో తొలిచి, సూపర్ గ్లూతో అతికించాలి. రంగు పట్టడానికి ముందుగా వేసే పూత అయిన ప్రైమర్ వేయకుంటే తీగపై రంగు పొలుసులుగా రాలుతుంది. వీటి మొనలు నిజంగానే గుచ్చుకుంటాయి, పసిపిల్లలున్న ఇంట అల్మరా పై అరలోనే ఉంచండి. మన కోస్తా వానాకాలపు తేమలో స్ప్రే ప్రైమర్ తెల్లగా పొగబారవచ్చు గనుక, ఆ నెలల్లో కుంచెతో వేసే ప్రైమర్‌ను నమ్ముకోవడమే క్షేమం.

పెట్టెలోని బొమ్మలు మూడు ఆయుధాల మధ్య పంచుకోవలసి ఉంటుంది కాబట్టి, చిన్న దళానికి ఒక పెట్టె చాలుతుంది గాని, లోతైన వరుసలతో నిండుగా కనిపించే స్విస్ వ్యూహం కావాలనుకునేవారు రెండు పెట్టెలకు సిద్ధపడే ఆర్డరు పెట్టాలి.